ఎండలో ఆరబెట్టిన రాడ్లు

నా బామ్మర్ది చేతిపని చూస్తే నాకు కుళ్లు. నొచ్చుకున్నాననో, చిన్నబుచ్చుకున్నాననో మర్యాదగా రాసుకోవచ్చు. అదేం కాదు, కుళ్లే. పాతికేళ్లకు పైగా వెల్డింగ్ చేస్తున్నవాణ్ని. వాడి చేతికి మొదటిసారి హోల్డరు ఇచ్చింది నేను. నాలుగేళ్లు తిరిగేసరికి వాడు వేసిన వెల్డు చూడ్డానికి పక్క గ్యాంగుల వాళ్లు వచ్చి నిలబడేవారు. నా వెల్డు దగ్గర ఎవడైనా నిలబడ్డాడంటే నీడ కోసమే.

మాది భోగాపురానికి తూర్పున సముద్రపు ఒడ్డు. వేట మీద బతికే ఇల్లు. నేను మాత్రం బోటెక్కితే కక్కేవాణ్ని. మా అయ్య మూడుసార్లు ఎక్కించి చూశాడు. నాలుగోసారి, "ఈడు నీల్లకి పనికిరాడు" అని ఊరంతా వినేలా చెప్పి దింపేశాడు. అందుకని ఒడ్డునే షెడ్డు వేసుకుని లంగర్లు, చుక్కానులు, ఇంజను బిగించే పట్టీలు అతుకుతూ బతికాను. నా భార్యది కోటబొమ్మాళి అవతల తీరం. ఆమె తమ్ముడు పెళ్లయిన కొత్తలోనే గుజరాత్ బోట్లకి వెళ్లాడు. మా వైపు నుంచి అలా వెళ్లేవాళ్లు చాలామంది. ఏడాదిలో ఎనిమిది నెలలు నీళ్ల మీదే. ఇంటి మనుషులు ఫోన్లో తప్ప కనబడరు, అదీ సిగ్నల్ ఉంటే. కూతురు పుట్టినప్పుడు వాడు నడిసముద్రంలో ఉన్నాడు. తిరిగొచ్చి ఎత్తుకోబోతే ఆ పిల్ల జడుసుకుని, ఎవడో దొంగ పట్టుకుపోతున్నట్టు ఏడ్చిందట. దాంతో వాడు ఇక బోటెక్కనన్నాడు. మా ఆవిడ వాణ్ని నా దగ్గరికి తీసుకొచ్చింది.

"ఏ పనైనా సేస్తాను బావా. ఒడ్డు మీద ఉంటే సాలు," అన్నాడు.

నేర్పాను. మనసు పెట్టే నేర్పాను. నాకంటే బాగా చేస్తాడని అప్పటికి తెలీదు కదా.

మా షెడ్డులో వానాకాలం రాడ్లు చెమ్మగిల్లేవి. వెల్డింగ్ రాడ్డు మీద పిండిలాంటి పూత ఉంటుంది. దానికి చెమ్మ పట్టిందంటే వెలిగించగానే టపటపలాడుతుంది, వెల్డులో బొక్కలు పడతాయి. అందుకని కాస్త తెరిపి ఇచ్చినప్పుడు ఇసకలో టార్పాలిన్ పరిచి, ఒక పక్క నెత్తళ్ల చేపలు, ఒక పక్క రాడ్లు ఆరబెట్టేవాళ్లం. మా ఆవిడ వచ్చి రెండింటినీ తిరగేసి పోయేది. ఆ రాడ్డు వెలిగిస్తే నీచు వాసన వచ్చేది, పిల్లులు షెడ్డు గుమ్మంలో చేరేవి. అయినా అతుకు ఊడిందని ఏ బోటువాడూ తిరిగి రాలేదు. మామూలు ఇనుము మంచిది, మన తప్పులు కడుపులో పెట్టుకుంటుంది. "గంట ఎండ తగిల్తే సాలురా" అని బామ్మర్దికి చెప్పింది నేనే.

తరవాత షెడ్డు పని పల్చబడింది. ఇద్దరం విశాఖ రేవు దగ్గర ఒక ఓడల మరమ్మతు యార్డులో కాంట్రాక్టు మీద చేరాం. పొద్దున్నే హైవే మీద నిలబడి, ఎయిర్‌పోర్టు పనులకి పోయే లారీల దుమ్ము మింగుతూ బస్సు కోసం చూడటం, సాయంత్రం అదే బస్సులో తిరిగి రావడం. వాడు సీటు దొరికితే నాకిచ్చి నిలబడేవాడు. అది కూడా నాకు నచ్చేది కాదు.

నా చేయి వెడల్పు చేయి. రాడ్డుని అటూ ఇటూ ఊపుతూ, నిదానంగా, లావుగా వేసుకుంటూ పోతాను. వాడిది అలా కాదు. వల అల్లిన వేళ్లు కదా, సన్నగా, తిన్నగా, గబగబా ఒక్కో గీతా పక్కపక్కన పరుచుకుంటూ పోతాడు. చెయ్యి వణకదు, ఆగదు. చిప్పింగ్ సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే వెల్డు మీద కట్టిన నల్లపెచ్చు మొత్తం తనే లేచి వచ్చేస్తుంది. ఫోర్‌మన్ నా వెల్డు దగ్గరికొస్తే "గ్రైండింగ్ కొట్టించు" అనేవాడు. వాడి వెల్డు దగ్గరికొస్తే ఏమీ అనేవాడు కాదు. ఊరికే నిలబడి చూసేవాడు. ఆ చూపు కోసం నేను పాతికేళ్లు పనిచేశాను. ఒకడైతే వాడి వెల్డుని ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకున్నాడు. పెళ్లికూతురి ఫొటోలా అందరూ ఫోను చేతులు మార్చుకుని చూస్తుంటే నేను దగ్గొచ్చినట్టు నటించి బయటికెళ్లిపోయాను. ఒకరోజు మధ్యాహ్నం అందరూ తిండికి పోయాక వాడి వెల్డు మీద గోరు పెట్టి ఆ చివర నుంచి ఈ చివరి దాకా గీకి చూశాను, ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని. గోరు విరిగింది.

ఇంటికొస్తే అక్కడా అదే భజన. "మా తమ్ముడు" అని మా ఆవిడ మొదలుపెట్టిందంటే నాకు ఎండ్రొయ్యల కూర కూడా చప్పగా ఉండేది.

అప్పుడొచ్చింది ఆ ఓడ. దాని మీద పెద్ద క్రేను. క్రేను కాలు డెక్కుని పట్టుకున్న చోట బీట. అక్కడి ప్లేటు మామూలు ఇనుము కాదు, హైటెన్సైల్ స్టీలు. తక్కువ మందంతో ఎక్కువ బరువు మోస్తుంది. ఫోర్‌మన్ మమ్మల్నందర్నీ నీడలో కూర్చోబెట్టి చెప్పాడు.

"ఇది మొండి స్టీలు. ముందు టార్చితో కాచాలి, వేడి తగ్గనివ్వకూడదు, సన్నగా తిన్నగా వెయ్యాలి. అన్నిటికంటే ముఖ్యం రాడ్డు. పెద్ద ఓవెన్‌లో కాల్చిన రాడ్లు కరెంటు మీద వేడిగా ఉండే డబ్బాలో పెట్టుకుని ఒక్కోటీ తీసి వాడాలి. చల్లారిన రాడ్డుకి కంటికి కనబడనంత చెమ్మ ఉన్నా చాలు. అప్పటికప్పుడు ఏమీ అవ్వదు. రెండు రోజులు పోయాక లోపల్లోపల చిట్లుతుంది. అందుకే వెల్డు చేసిన మూడో రోజు గానీ లోపలి చీలికలు చూపే మిషను పెట్టి చూడరు."

రెండు రోజులు పోయాక చిట్లే వెల్డు నేనెప్పుడూ వినలేదు. నాకు బాగా గుర్తుండిపోయింది.

మా గ్యాంగులోంచి ఒక్కణ్నే తీసుకుంటామన్నారు. అదే స్టీలు ప్లేటు మీద టెస్టు వెల్డు వేసి పాసైనవాణ్ని ఆ పనికి పెట్టడమే కాదు, యార్డు సొంత మనిషిగా రాసుకుంటారు. మిగిలిన కాంట్రాక్టు వాళ్లకి ఓడ వెళ్లిపోయాక పని ఉంటుందో లేదో చెప్పలేమన్నారు. నాకు ఊళ్లో షెడ్డు ఉంది, ఏదో ఒకటి అతుక్కుని బతకగలను. వాడికి ఇది పోతే మళ్లీ గుజరాతే. ఆ సంగతి వాడికీ తెలుసు, మా ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. అయినా పేరిచ్చాను. వాడు కూడా ఇచ్చాడు. అందరూ వాడిదే అనుకున్నారు. మధ్యాహ్నం టీ దగ్గర ఒకడు నా మొహం మీదే, "నీకెందుకన్నా, ఇంటోడికి వదిలీ," అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

శనివారం టెస్టు. మేమిద్దరం ముందురోజు సాయంత్రమే చెరో డబ్బాలో రాడ్లు సర్ది, ప్లగ్గులు పెట్టి వచ్చాం. పొద్దున్న వెళ్లేసరికి నా డబ్బా వేడిగా ఉంది. వాడి డబ్బా చల్లగా ఉంది. ప్లగ్గు పీకేసి, అక్కడ ఎవడో ఫోను చార్జరు పెట్టుకున్నాడు. హడావుడిలో డబ్బా మూత కూడా పక్కకి జరిగి ఉంది. ఆ ప్లగ్గు పీకింది నేను కాదు. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నేను చేసింది అంతకంటే ఎక్కువ.

వాడు నన్ను పక్కకి పిలిచాడు. మొహం వాడిపోయింది.

"బావా, డబ్బా సల్లారిపోనాది. పోర్‌మన్‌కి సెప్తే నాకు జాగర్త నేదంటాడేమో. పేరు కొట్టీస్తాడేమో. ఓ గంట ఎండలో పెడితే సరిపోద్దా?"

సరిపోదని నాకు తెలుసు. ఫోర్‌మన్ చెప్పినప్పుడు వాడి కంటే శ్రద్ధగా విన్నాను. వాడికీ అనుమానం ఉంది కాబట్టే అడిగాడు. "పదరా, నేను చెప్తాను పోర్‌మన్‌కి" అంటే సరిపోయేది. ఓవెన్‌లో రెండు గంటలు మళ్లీ కాల్చేవారు. టెస్టు మధ్యాహ్నానికి జరిగేది. అంతే.

"సాలురా," అన్నాను. "మన షెడ్డులో ఎన్నిసార్లు సెయ్యనేదు? గట్టి ఎండ కూడాను."

వాడి మొహం విప్పారింది. డెక్కు మీద చెయ్యి పెడితే కాలే ఇనప రేకు ఒకటి చూసుకుని రాడ్లు వరసగా పరిచాడు. మధ్యలో ఒకసారి తిరగేశాడు కూడా, అక్క తిరగేసేటట్టే. తరవాత ఎత్తి డబ్బాలో పెట్టుకున్నాడు. చేతికి వెచ్చగానే తగిలి ఉంటాయి పాపం.

పదింటికి మొదలుపెట్టాం. నేను ఆ స్టీలు కోసం నా చేతి ఊపుడు బలవంతంగా ఆపుకుని, వాడిలాగ సన్నగా, తిన్నగా వేశాను. పాతికేళ్ల అలవాటుని పళ్లబిగువున పట్టుకున్నాను. వాడికి ఆ బాధ లేదు. వాడు ఎప్పుడూ వేసేదే వేశాడు. అయ్యాక రెండు ప్లేట్లూ పక్కపక్కన పెట్టారు. పని తనిఖీకి ఓడ తరఫున వచ్చిన సర్వేయరు నా ప్లేటు చూసి తలూపాడు. వాడి ప్లేటు మీద బొటనవేలు పెట్టి మెల్లిగా నిమిరాడు. నాకేం ఫరవాలేదు అనుకున్నాను. నిమురుకో, మంగళవారం చూద్దాం.

ఆదివారం వాడు అందర్నీ రామతీర్థం లాక్కెళ్లాడు. వాడి పెళ్లాం, నా పెళ్లాం, వాడి కూతురు. ఆ పిల్లకి ఇప్పుడు ఏడేళ్లు, తండ్రిని వదలదు. మెట్ల దారి పొడుగునా వాడి వేలు పట్టుకునే నడిచింది. నేను వెనకాల ఆయాసపడుతూ ఎక్కుతుంటే వాడు ఆగాడు.

"బావా, నీ పేరు మీద కూడా కొబ్బరికాయ కొట్టీమన్నాను. ఇద్దర్లో ఎవులికొచ్చినా మనింటికే గదా."

ఆ మాట విన్నాక కూడా నాకు బుద్ధి రాలేదనుకుంటారేమో. వచ్చింది. ఎక్కడో ఆ ప్లేటు లోపల సన్నటి గీత ఒకటి పాకుతూ ఉంటుందని తెలిసి, ఆ పిల్ల చెయ్యి చూస్తూ ఆ మెట్టు మీదే ఆగిపోయాను. మిషను పెట్టకముందే చెప్పేస్తే ఫోర్‌మన్ తిడతాడు, కానీ ఇంకో ప్లేటు ఇస్తాడు. మంచివాడే. కిందికి దిగి పులిహోర పొట్లాలు విప్పుకున్నాక చెప్పేద్దామని నోరు తెరిచాను కూడా.

సరిగ్గా అప్పుడే మా ఆవిడ, "ఏటి మావా, మా తమ్ముడి ప్లేటు అద్దంలాగున్నాదటగా? సర్వేయరు సేత్తో నిమిరినాడట! నీదేటన్నాడు?" అంది.

"నాదేటీ అననేదు," అన్నాను. పులిహోర తిన్నాను. చెప్పలేదు.

మంగళవారం మిషను పెట్టారు. నా ప్లేటు పాసయింది, బొటాబొటిగా. వాడి ప్లేటు మీద ఆ చిన్న పెట్టె జరుపుతుంటే తెర మీద గీతలు ఎగిరిపడ్డాయి. ఒక చోట కాదు, మూడు చోట్ల. పైన ఎక్కడా సూదిమొనంత మచ్చ లేదు. ఆపరేటరు నమ్మలేక రెండోసారి జరిపాడు. సర్వేయరు నోరు చప్పరించి కాయితం మీద ఏదో రాసుకున్నాడు.

"రాడ్లు డబ్బాలోవేనా వాడావు?" అని ఫోర్‌మన్ అడిగాడు.

వాడు నా వైపు చూడలేదు.

"డబ్బాలోయే సార్," అన్నాడు.

సాయంత్రం బస్సులో సీటు దొరికింది. నాకిచ్చాడు. పక్కన కడ్డీ పట్టుకుని నిలబడి, వంగి, ఇంకెవరికీ వినబడకుండా చెప్పాడు. "ఎండలో పెట్టిన సంగతి సెప్పనేదు బావా. సెప్తే నీ పేరు కూడా వస్తాది. పాసయినోడివి, నీకెందుకు మాట?" మళ్లీ తనే అడిగాడు. "రాడ్లేనంటావా?"

ఇది ఇంకో అవకాశం. ఇప్పుడైనా అవునంటే వాడి మనసు కుదుటపడేది. మళ్లీ టెస్టుకి వెళ్లి కాల్చిన రాడ్లతో వేస్తే కళ్లు మూసుకుని పాసయ్యేవాడు. కానీ అవునంటే ఆ మాట తిరిగి తిరిగి ఎక్కడికొచ్చి ఆగుతుందో నాకు తెలుసు. గంట ఎండ చాలన్నది ఎవరు?

"రాడ్లు కావురా," అన్నాను. "నీ సెయ్యే. మరీ దూకుడు. కుదురు నేదు. నిదానంగా, కాస్త ఎడల్పుగా ఏస్తే పట్టుండును."

వాడు నమ్మాడు. బావ చెప్పాడు కదా.

సంతోషం వేసిందా అంటే వేసింది. అబద్ధమాడను. భోగాపురంలో దిగేదాకా వేసింది. తొలిసారి వాడి చేతిలో తప్పుందని ఒకరు అన్నారు, ఆ అన్నది నేను, వాడు తల వంచుకుని విన్నాడు. ఇంటికెళ్లి అన్నం రెండోసారి పెట్టించుకున్నాను.

ఫోర్‌మన్‌కి వాడంటే అభిమానం. ఆ పనికి ఇంకొకడు కావాలని పైవాళ్లని ఒప్పించి, నెల తిరక్కుండా ఇంకో టెస్టు పెడతానన్నాడు. ఈలోగా పనికిరాని ముక్కల మీద ప్రాక్టీసు చేసుకోమన్నాడు. వాడు మధ్యాహ్నం తిండి గబగబా మింగి, మిగిలిన టైమంతా ఒక మూల కూర్చుని వేసేవాడు. నేను చెప్పినట్టే. వేళ్లకి వచ్చిన వేగాన్ని ఆపుకుంటూ, అటూ ఇటూ ఊపుతూ. మొదట్లో చెయ్యి మాట వినేది కాదు, మధ్యలో తన దారిన తను తిన్నగా ఉరికేది. వాడు ఆపి, తల అడ్డంగా ఊపుకుని, మళ్లీ మొదలెట్టేవాడు. నేను ఆ దారిన పోవడం మానేసి డెక్కు చుట్టూ తిరిగి వెళ్లేవాణ్ని. అప్పటికి క్రేను కాలి దగ్గర నా పని మొదలైంది. అక్కడ నేను సన్నగా, తిన్నగా వేస్తున్నాను. వాడి చేతిని చూసి నేర్చుకున్నది. యార్డు సొంత మనిషినని మెడలో కార్డు కూడా వేశారు.

టెస్టుకి ముందురోజు ఫోర్‌మన్ వాడి ప్రాక్టీసు ముక్క చేతిలోకి తీసుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను.

"ఇదేంట్రా? నీ చెయ్యేమైంది? ఎవడు నేర్పాడు నీకీ ఊపుడు?"

వాడు చేతి తొడుగు సర్దుకున్నాడు.

"ఈ స్టీలుకి ఇంత వెడల్పున వేడి ఎక్కిస్తే బలం చచ్చిపోతుంది. మొత్తుకుని చెప్పాను కదా సన్నగా వెయ్యాలని. నీకు ముందు వచ్చిందే కదా అది! సరిగ్గా వెయ్యి, ఇప్పుడే చూస్తాను."

వేశాడు. సగం వాడిదీ, సగం నాదీ కలిసి, ఏదీ కాకుండా వచ్చింది. చెయ్యి వణికింది. ఆ చెయ్యి వణకడం నేను ఎప్పుడూ చూడలేదు. ఫోర్‌మన్ ముక్కని కింద పడేసి, జాబితాలో పేరు కొట్టేశాడు. కోపంతో కాదు, విసుగుతో కూడా కాదు. ఏదో పోగొట్టుకున్నట్టు మొహం పెట్టుకుని వెళ్లిపోయాడు. నా మెడలో కార్డు ఉంది, నోట్లో నాలుక ఉంది. నేను చిప్పింగ్ సుత్తి కోసం వెతుక్కుంటున్నట్టు వంగి కూర్చున్నాను.

ఓడ మరమ్మతు అయిపోవస్తుంటే కాంట్రాక్టు వాళ్లని ఒక్కొక్కరినే ఆపేశారు. వాడు గుజరాత్ వెళ్లే బోటు మనుషులతో మాట్లాడుకున్నాడు. గురువారం రైలు. మా ఆవిడ కళ్లు తుడుచుకుంటూ, "నీ సేతిలో ఏటీ నేదా మావా? నువ్వు సెప్తే ఇనరా?" అంది. నేను ఏం చెప్పాలో ఆమెకి తెలీదు, చెప్తే ఏం అవుతుందో నాకు తెలుసు.

బుధవారం వాడికి యార్డులో ఆఖరు రోజు. పక్క గట్టు దగ్గర ఓడల్ని లాగే టగ్గు బోటు ఒకదాని చుక్కానికి మామూలు ఇనుము పట్టీ వేస్తున్నాడు. నేను క్రేను దగ్గర్నుంచి దిగి వస్తుంటే పిలిచాడు.

"బావా, ఇలగ రా. ఇది సూసి పో."

వెళ్లాను. వాడు వైరు బ్రష్‌తో వెల్డుని శుభ్రంగా తోమి, చేత్తో తుడిచి, పక్కకి జరిగాడు. లావుగా, వెడల్పుగా, మధ్యలో కాస్త ఎత్తుగా, అంచుల్లో అక్కడక్కడ ఇనుముని తినేసిన గాటు. నేను పాతికేళ్లుగా ఎక్కడ తప్పు చేస్తున్నానో సరిగ్గా అక్కడే తప్పు. పరాయివాడెవడైనా చూస్తే ఇది నా పనే అని ఒట్టేసి చెప్తాడు.

"కుదిరింది గదా? ఇన్నాల్లకి అచ్చం నీలాగొచ్చినాది," అన్నాడు. నవ్వుతున్నాడు. మెచ్చుకుంటాననుకుని నా మొహం కేసే చూస్తున్నాడు. "అక్కడ బోటు మీద ఏదైనా ఇరిగితే నేనే అతికీగల్ను. ఎవులు నేర్పారంటే మా బావని సెప్తాను."

నెత్తి మీద ఉన్న వెల్డింగ్ ముసుగు మొహం మీదికి దించేసుకున్నాను.

"ఏటి బావా, ఎలుగు నేదు, ఏటి కనబడతాది?"

"సూస్తన్నానురా," అన్నాను. "బాగుంది."

ఆ నల్లద్దంలోంచి మంట లేకపోతే ఏమీ కనబడదు. అది వాడికి మొదటిరోజే చెప్పాను.